నీకెలా తెలుసు?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



మన సంఘం కార్యదర్శి నెల కిందట ఫోన్ చేసి, "పదిమందికీ పనికొచ్చే మాట ఏదైనా ఇరవై నిమిషాలు మాట్లాడాలిరా" అన్నాడు. వంతెనల గురించి మాట్లాడతానన్నాను. "వంతెనలైతే జనం భోజనాలకు లేచిపోతారు, ఇంకేదైనా చెప్పు" అన్నాడు. సరే, రోజూ రాత్రి కాసేపు కూర్చుని మన ఆలోచనను మనమే పరీక్ష చేసుకోవడం గురించి చెబుతానన్నాను. ఆహ్వానపత్రంలో దాన్ని "నిత్యజీవితంలో తాత్త్విక చింతన" అని అచ్చు వేశారు. అంత పెద్ద పేరు చూసి నాకే భయం వేసింది.

ఆ పత్రం అందిన రోజే మా సైన్సు మాస్టారు ఫోన్ చేశారు. ఆయన పేరు చెప్పను. చెబితే ఆయనకు నచ్చదు, మీలో చాలామందికి చెప్పనక్కర్లేదు కూడా. "ఏరా, తాత్త్విక చింతన మొదలుపెట్టావా? ఏం చెబుతావేమిటి?" అన్నారు. "రోజూ కాసేపు అలా ఆలోచించుకుంటే మనసుకు మంచి అలవాట్లు అబ్బుతాయని చెబుదామనుకుంటున్నానండీ" అన్నాను. అటువైపు నుంచి ఒక్క క్షణం ఆగి, "అబ్బుతాయని నీకెలా తెలుసు?" అన్నారు.

నలభై ఏళ్ల తరవాత మళ్లీ బెంచీ ఎక్కించినట్టయింది. ఈ ఇరవై నిమిషాలూ ఆ ప్రశ్నకు నా జవాబనుకోండి. పూర్తి మార్కులు వస్తాయన్న ఆశ నాకేం లేదు.

ఆ ప్రశ్న ఆయన దగ్గర చదివిన అందరికీ ఎరుకే. మాకు తొమ్మిదో తరగతిలో ఉండగా, ఎండలు ముదురుతున్న రోజుల్లో, "కుండలో నీళ్లు ఎందుకు చల్లగా ఉంటాయి?" అని అడిగారు. నేను లేచి "మట్టి చలవండీ" అన్నాను. "నీకెలా తెలుసు?" "మా అమ్మమ్మ చెప్పిందండీ." క్లాసంతా గొల్లుమంది. ఆయన మాత్రం నవ్వలేదు. "కుండలో నీళ్లు చల్లగా ఉంటాయని మీ అమ్మమ్మ చేత్తో తాకి తెలుసుకుంది. అది మట్టి వల్ల అని మాత్రం అనుకుంది. ఆ రెండూ ఒకటేనా?" అన్నారు.

మర్నాడు రెండు చిన్న కుండలు తెచ్చారు. ఒకే సంతలో, ఒకే కుమ్మరి దగ్గర కొన్నవి. ఒకదానికి బయటంతా ఎనామిల్ పెయింటు పూసి ఆరబెట్టారు. రెండింట్లోనూ ఒకే బకెట్టు నీళ్లు నింపి వరండాలో నీడలో పెట్టించారు. ఆ మర్నాడు మధ్యాహ్నం థర్మామీటరు ముంచి చూస్తే, రంగు పూసిన కుండలో నీళ్లు బకెట్లో నీళ్లలాగే ఉన్నాయి. పూయని కుండలో నీళ్లు చల్లగా ఉన్నాయి. మట్టి రెండింటిదీ ఒకటే. తేడా ఎక్కడంటే, ఒక కుండ చెమరుస్తోంది, రెండోది చెమర్చడం లేదు. చెమరిన నీరు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతోంది. ఇదంతా మాచేత చెప్పించాక ఆయన నా వైపు తిరిగి, "మీ అమ్మమ్మ తాకి చూసింది తప్పు కాదని ఇంటికెళ్లి ఆవిడకు చెప్పు" అన్నారు.

ఇంత మంచి పాఠం తొమ్మిదో తరగతిలోనే విన్నవాణ్ని కదా, జీవితంలో దాన్ని వాడుకుని ఉండాలి. వాడుకోలేదు. పరీక్షలో రాశాను, మార్కులొచ్చాయి, మర్చిపోయాను. పదేళ్లు తిరక్కుండానే దాని పర్యవసానం ఇంకొకరి మీద పడింది. ఈ సంగతి ఇప్పటిదాకా ఏ సభలోనూ చెప్పలేదు.

1993లో నాకు ఇరవై అయిదేళ్లు. కృష్ణా డెల్టాలో ఒక కాలువ మీద చిన్న వంతెన కడుతున్నాం. నేను సైటు ఇంజనీర్ని. కాంక్రీటు పనికి ఒక మేస్త్రీ ఉండేవాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. ఆయన నన్ను "సారూ", "అండీ" అనేవాడు. నేను "నువ్వు" అనేవాణ్ని. అప్పట్లో అది నాకు తప్పుగా తోచలేదు.

నవంబరులో తుపాను వాన పట్టింది. నాలుగు రోజులు ముసురు. అయిదో రోజు తెరిపి ఇవ్వగానే వంతెన రెక్క గోడకు కాంక్రీటు పోయడం మొదలుపెట్టాం. ఆ రోజుల్లో చిన్న సైట్లలో అంతా పెట్టె కొలతే. బస్తా సిమెంటుకు ఇన్ని పెట్టెల ఇసుక, ఇన్ని పెట్టెల కంకర, 28 లీటర్ల నీళ్లు అని ఒక అట్ట మీద రాసి మిల్లరుకు వేలాడగట్టాను. మేస్త్రీ నా దగ్గరికొచ్చి, "సారూ, ఇసుక బాగా తడిసిందండి. ఇదిగో, పిడికిట్లో పట్టి నొక్కితే ముద్దవుతోంది. మాలు పల్చగా దిగుతోంది. నీళ్లు ఓ నాలుగైదు లీటర్లు తగ్గిద్దామండి" అన్నాడు. అరచెయ్యి తెరిచి చూపించాడు కూడా. నేను ఆ చెయ్యి వైపు సరిగ్గా చూడలేదు. "ఇరవై ఎనిమిదని రాసిచ్చానా లేదా? రాసింది పొయ్యి" అన్నాను. ఆయన పోశాడు.

ఇంజనీర్లు కానివాళ్ల కోసం ఒక్క మాట. పోసిన కాంక్రీటు గట్టిదనం తెలుసుకోవడానికి, అదే మాలుతో 15 సెంటీమీటర్ల ఘనాలు పోసి, నీళ్లలో ఉంచి, ఏడో రోజున కొన్నీ ఇరవై ఎనిమిదో రోజున కొన్నీ యంత్రంలో పెట్టి పగిలేదాకా నొక్కుతారు. వాటినే క్యూబులంటాం. మా కాంక్రీటు 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్లు తట్టుకోవాలి. ఏడు రోజులకు అందులో మూడింట రెండు వంతులు, అంటే పదమూడు వరకూ రావాలి. మాకు పది వచ్చింది. ఇరవై ఎనిమిదో రోజున పదహారు దగ్గర ఆగిపోయింది. గోడ పగలగొట్టి మళ్లీ పొయ్యాల్సి వచ్చింది. ఎందుకిలా జరిగిందో రాసిమ్మని పైనుంచి కాగితం వచ్చింది.

నేను ఆలోచించాను. అంటే, ఆలోచించాననుకున్నాను. సిమెంటు తగ్గితే క్యూబు బలం తగ్గుతుంది. క్యూబు బలం తగ్గింది కాబట్టి సిమెంటు తగ్గింది. సిమెంటు తగ్గిందంటే ఎవరో తీశారు. అదే వారంలో స్టోర్ చూసే మనిషి మాటల్లో మాటగా, "మేస్త్రీ ఊళ్లో ఇంటికి గచ్చు చేయించుకుంటున్నాడండి" అని నాతో అన్నాడు. ఇంకేం కావాలి? నివేదికలో మేస్త్రీ బస్తాలు పక్కదారి పట్టించినట్టు అనుమానం ఉందని రాశాను. "అనుమానం" అని రాశాను కాబట్టి నాకేమీ అంటదనుకున్నాను. ఆయన్ని పన్లోంచి తీసేశారు. రెండు వారాల కూలి ఆపేశారు. సైటు మీద పదిమంది ముందు దొంగ అనే మాట పడింది. ఆ మాటన్నది నేను కాదు గానీ, నేను రాసిన కాగితం వల్లే అన్నారు.

రెండో మేస్త్రీ వచ్చాడు. ఈసారి నేనే మిల్లరు దగ్గర కుర్చీ వేసుక్కూర్చుని, ఖాళీ బస్తాలు ఒక్కొక్కటే లెక్కపెట్టించాను. ఒక్క బస్తా కూడా తేడా లేదు. పోసేముందు రాత్రి మళ్లీ వాన పడింది. ఏడో రోజు క్యూబులు నొక్కితే మళ్లీ పదే!

ఆ సాయంత్రం నేను చేసిన పని ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. గుట్టలోంచి కిలో ఇసుక తూచి, వంటమనిషి దగ్గర మూకుడు అడిగి తీసుకుని, పొయ్యి మీద వేయించాను. పొగలాగా ఆవిరి లేచింది. ఆరాక తూస్తే 940 గ్రాములు. కిలోకు 60 గ్రాముల నీళ్లు. బస్తా సిమెంటుకు పట్టే ఇసుకలో, దానికి తోడు కంకరకు అంటిన తడిలో, అంతా కలిపి అయిదారు లీటర్లు. అంటే నేను రాసిచ్చిన 28 నిజానికి 34 అయిందన్నమాట. నీళ్లు ఆమాత్రం ఎక్కువైతే సిమెంటు ఎంత ఉన్నా బలం రాదు. ఇది నాకు తెలియని విషయం కాదు, మూడో సంవత్సరం పరీక్షలో రాసిందే. మేస్త్రీ చెప్పిన నాలుగైదు లీటర్లు ఏ తూకమూ లేకుండా పిడికిలితో చెప్పిన లెక్క. దాదాపు సరిపోయింది.

ఆ రాత్రి నిద్రపట్టక ఒక తెల్ల కాగితాల నోటుబుక్కు తీసి, పేజీకి రెండు నిలువు గీతలు కొట్టి మూడు గళ్లు చేశాను. మొదటి గడికి "చూసినవి" అని, రెండోదానికి "అనుకున్నవి" అని, మూడోదానికి "విన్నవి" అని పేర్లు పెట్టాను. మేస్త్రీ సంగతంతా ఆ మూడు గళ్లలోకి విడదీసి రాశాను. చూసినవి: క్యూబు అంకెలు. ఇంకా, పల్చని మాలు. అవును, అది నేనూ కళ్లారా చూశాను. అనుకున్నవి: దొంగతనం. విన్నవి: రెండు మాటలు. ఒకటి స్టోర్ మనిషి చెప్పిన గచ్చు, రెండోది మేస్త్రీ చెప్పిన తడి ఇసుక. ఇసుకను చేత్తో పట్టి చూసినవాడి మాట నేను నమ్మలేదు. ఇసుక గుట్ట దరిదాపులకు రానివాడి మాట నమ్మాను. మూడు గళ్లలో రాసేదాకా ఇది నాకు కనిపించలేదు.

ఇప్పుడు మీలో ఎవరైనా, తప్పు తెలిసింది కదా, వెంటనే నివేదిక సరిదిద్ది మేస్త్రీని పిలిపించావా అని అడగొచ్చు. లేదు. రెండోసారి నివేదికలో "వర్షం వల్ల ఇసుకలో తేమ" అని రాశాను. మొదటి నివేదిక జోలికి పోలేదు. అప్పట్లో ఉద్యోగం కొత్త, సిగ్గు పాతది. ఈ సంగతి చివర్లో మళ్లీ చెబుతాను.

తరవాత కొన్నేళ్లకు, హైదరాబాదులో ఉద్యోగం చేస్తుండగా, ఒక ఆదివారం ఆబిడ్స్‌లో పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల్లో తెలుగు తాత్పర్యంతో ఉన్న తర్కసంగ్రహం దొరికింది. రాసింది అన్నంభట్టు, మన తెలుగువాడే. కాశీకి వెళ్లినంత మాత్రాన ఎవడూ అన్నంభట్టు అయిపోడని పండితుల్లో ఒక సామెత కూడా ఉంది. పిల్లలకు సులువుగా బోధపడటానికి రాస్తున్నానని ఆయన మొదట్లోనే చెప్పుకున్నాడు కాబట్టి ధైర్యం చేసి కొన్నాను. సగం ఇప్పటికీ అర్థం కాలేదు. అర్థమైన సగంలో నా మూడు గళ్లు కనిపించాయి. ప్రత్యక్షం, అనుమానం, శబ్దం. మధ్యలో ఉపమానం అని ఇంకొకటి ఉంది, దాని జోలికి నేను పోను. మనకేదైనా తెలిసిందంటే అది ఏ దారిన తెలిసిందో చెప్పాలంటుంది న్యాయశాస్త్రం. మా సైన్సు మాస్టారు అడిగిన ప్రశ్నే, రెండు వేల ఏళ్ల నాటి సరంజామాతో.

ఒక తమాషా చూడండి. నేను నివేదికలో "అనుమానం" అని రాశానన్నాను కదా. తెలుగులో అనుమానమంటే శంక. శాస్త్రంలో అనుమానమంటే హేతువు చూపించి తేల్చిన జ్ఞానం. నాకు ఉన్నది మొదటిది, నేను వాడుకున్నది రెండోదాని గౌరవం.

కొండ మీద పొగ కనిపిస్తే నిప్పుందని తెలుసుకోవచ్చని అందరం విన్నదే. దాన్ని తిరగేసి, నిప్పుంది కాబట్టి పొగ ఉంటుందంటే ఒప్పుకోరు. ఎర్రగా కాలిన ఇనపగుండులో నిప్పుంది, పొగ లేదు. నిప్పుకు తడి కట్టెలు తోడైతేనే పొగ వస్తుంది. మనం లెక్కలోకి తీసుకోని ఆ తడి కట్టెల్లాంటి దాన్ని వాళ్లు ఉపాధి అంటారు. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. వాళ్లకు తడి కట్టెలు, నాకు తడి ఇసుక.

ఇక శబ్దం. ఆప్తుడి మాట ప్రమాణం అంటారు. మన వాడుకలో ఆప్తుడంటే దగ్గరివాడు, స్నేహితుడు, మనవాడు. అక్కడ అర్థం వేరు. విషయం ఉన్నదున్నట్టు తెలిసి, తెలిసింది తెలిసినట్టు చెప్పేవాడు ఆప్తుడు. న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు (మీరు అనుకుంటున్న వాత్స్యాయనుడు కాదు, వెనక బెంచీలవాళ్లు నవ్వకండి) ఈ లక్షణం ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఒకటేనన్నాడు. అంటే మాట ఎవరిదన్నది కాదు, వాడికి ఆ విషయం ఎలా తెలిసిందన్నది చూడాలి. మా సైటు మీద ఆ రోజు ఇసుక విషయంలో ఆప్తుడు ఒక్కడే. అతణ్నే నేను నువ్వు అన్నాను.

ఈ నోటుబుక్కు అప్పట్నుంచీ రాస్తున్నాను. రోజూ అని అబద్ధం చెప్పను. నాన్నగారు మంచాన పడ్డ ఏడాది ఒక్క పేజీ కూడా లేదు. రాసిన రోజు పది నిమిషాలు, అంతకు మించదు. రోజంతా జరిగింది రాయను. ఎవరి మీదైనా కోపం వచ్చినదో, ఏదైనా గట్టిగా తేల్చి చెప్పినదో ఒకటి ఏరుకుని మూడు గళ్లలోకి విడదీస్తాను. సైటు విషయాలకంటే ఇంటి విషయాలూ స్నేహితుల విషయాలే ఎక్కువగా ఉంటాయి.

ఉదాహరణకు మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపునే తీసుకోండి. మూడేళ్ల కిందట మన బడి గ్రంథాలయానికి చందాల గురించి నేనో పెద్ద సందేశం పెట్టి, ఒక మిత్రుడికి విడిగా కూడా పంపాను. రెండు నీలం టిక్కులు వచ్చాయి. జవాబు లేదు. మర్నాడూ లేదు. నాలుగో రోజుకు నా మనసులో వాడి చరిత్రంతా తయారైంది. డబ్బున్నవాడైపోయాడు, పాతవాళ్లు ఆనరు, పదో తరగతిలో కూడా ఇంతే. ఇద్దరు ముగ్గురితో ఆ మాట అననే అన్నాను. ఆ రాత్రి పేజీ తీసి "చూసినవి" అన్న గడిలో రాయబోతే, రాయడానికి రెండు టిక్కులు తప్ప ఏమీ లేవు. మిగతా రామాయణమంతా రెండో గడిలోదే. పొద్దున్నే ఫోన్ చేస్తే వాడి భార్య ఎత్తారు. వారం రోజులుగా వాడు ఆసుపత్రిలో ఉన్నాడు. సందేశం తెరిచి చూసింది ఆవిడ. ఆ మిత్రుడు ఇక్కడే ఉన్నాడు, నవ్వుతున్నాడు. నేను ఆ మాటన్న ఇద్దరు ముగ్గురూ కూడా ఇక్కడే ఉన్నారు. వాళ్లకు మళ్లీ ఫోన్లు చేసి చెప్పడం చందాలు వసూలు చేయడం కంటే కష్టమైంది.

ఈ అలవాటులో ప్రమాదాలు లేకపోలేదు. కొన్నేళ్లు రాశాక ఒకసారి మా ఆవిడ ఆ పుస్తకం తిరగేసి, "ఇది డైరీ కాదండీ, మా అందరి మీదా ఛార్జిషీటు" అంది. చూస్తే నిజమే. ఎవరు ఏ ఆధారం లేకుండా ఏం మాట్లాడారో అన్నీ ఉన్నాయి. నేను మాట్లాడినవి తక్కువ. పరీక్ష మొదలుపెట్టింది నా మీద, నడుస్తున్నది ఊరందరి మీద.

రోమ్‌లో సెనెకా అని ఒకాయన ఉండేవాడు, నీరో చక్రవర్తికి చదువు చెప్పినవాడు. అంత మంచి శిష్యుణ్ని తయారుచేసినవాడి మాట వినాలా అని మీరు అడగొచ్చు, న్యాయమే. కోపం గురించి ఆయన రాసిన పుస్తకంలో తన రాత్రి అలవాటు చెప్పుకున్నాడు. దీపం తీసేశాక, ఈ అలవాటు తెలిసిన భార్య మాట్లాడకుండా ఊరుకుంటే, ఆ రోజు తను అన్నవీ చేసినవీ అన్నీ తనే విచారించుకునేవాడట. ఫలానావాణ్ని మందలించడంలో హద్దు దాటాను, దానివల్ల వాడు బాగుపడలేదు, నొచ్చుకున్నాడు, ఇంకోసారి ఇలా చేయకు, ఈసారికి క్షమిస్తున్నాను అని తనకు తనే చెప్పుకునేవాడట. నాకు నచ్చినవి రెండు. విచారణలో ముద్దాయి ఒక్కడే. శిక్ష లేదు. మా ఆవిడ మాట, సెనెకా మాట కలిపి అప్పట్నుంచి ఒక నియమం పెట్టుకున్నాను: పేజీలో ప్రతి వాక్యానికీ కర్త "నేను" అయి ఉండాలి. "వాడు నన్ను లెక్కచెయ్యలేదు" అని రాయకూడదు. "వాడు నన్ను లెక్కచెయ్యలేదని నేను అనుకున్నాను" అని రాయాలి. రెండు మాటలే ఎక్కువ. కానీ ఆ రెండు మాటలు రాసేసరికి సగం కోపం దిగిపోతుంది.

ఇంకొకటి. ఈ విచారణంతా రాత్రిపూటే. పగలు పనిలో కూర్చుని ఇది ప్రత్యక్షమా అనుమానమా అని తర్కిస్తుంటే మిల్లరులో మాలు గట్టిపడిపోతుంది, సిమెంటు ఎవరికోసమూ ఆగదు. రాత్రిళ్లు రాయగా రాయగా పగలు ఒక్క చిన్న మార్పు వస్తుంది. నోటిదాకా వచ్చిన మాట ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణంలో ప్రశ్న దానంతటదే వస్తుంది, అదీ మాస్టారి గొంతుతోనే. నేను అలవాటంటున్నది దాన్ని.

ఇప్పుడు మాస్టారి ప్రశ్నకు వస్తాను. మేలు చేస్తుందని నాకెలా తెలుసు?

ఆయన ఫోన్ చేసిన తరవాత పాత నోటుబుక్కులున్న అట్టపెట్టె దించాను. "అనుకున్నవి" అన్న గడిలో రాసినవాటిలో తరవాత నిజమని తేలిన వాటికి పచ్చ సిరాతో, తప్పని తేలిన వాటికి ఎర్ర సిరాతో గుర్తు పెట్టడం నాకు అలవాటు. మొదటి రెండేళ్ల పుస్తకాల్లో ఎరుపు సగానికి పైనే ఉంది. కిందటేడు పుస్తకం తీశాను. ముప్పయ్యేళ్ల సాధన కదా, అంతా పచ్చగా ఉంటుందనుకున్నాను. అదీ దాదాపు సగం ఎరుపే. అంటే నా ఊహలు పెద్దగా మెరుగుపడలేదు. మనుషుల గురించి ఇరవై అయిదేళ్లప్పుడు ఎంత తప్పుగా ఊహించేవాణ్నో ఇప్పుడూ ఇంచుమించు అంతే. మారింది ఒకటుంది. పాత పుస్తకాల్లో ఎర్ర గుర్తు పక్కన నేను అప్పటికే చేసేసిన పనులు ఉన్నాయి: ఉత్తరం రాశాను, అరిచాను, తీసేయించాను. కొత్త పుస్తకాల్లో ఎర్ర గుర్తు పక్కన చాలాచోట్ల ఏమీ లేదు. ఊహ తప్పే గానీ దాని మీద ఇంకా ఏ పనీ చేయలేదన్నమాట.

అది ఈ అలవాటు వల్లేనా? వయసు వల్ల కావచ్చు. రక్తపోటు మాత్రల వల్ల కావచ్చు. రెండో కుండకు రంగు పూసినట్టు, నాలాంటివాణ్నే ఇంకొకణ్ని తెచ్చి ముప్పయ్యేళ్లు నోటుబుక్కు లేకుండా బతికించి పక్కపక్కన పెట్టి చూడలేం కదా. కాబట్టి మాస్టారూ, నా జవాబు మూడు గళ్లలో చెబుతాను. చూసింది: తొందరపడి చేసిన పనులు తగ్గాయి. అనుకుంటున్నది: నోటుబుక్కు వల్ల. విన్నది: మా ఆవిడ కూడా కొంత ఒప్పుకుంది. ఆవిడ ఈ విషయంలో శాస్త్రం చెప్పిన అర్థంలో ఆప్తురాలు, ముప్పయ్యేళ్లుగా దగ్గరుండి చూస్తున్న మనిషి.

మేస్త్రీ సంగతి మిగిలింది.

1997లో ఆయన విజయవాడ దగ్గర ఒక సైటు మీద ఉన్నారని తెలిసి వెళ్లాను. నాలుగేళ్లు ఎందుకు పట్టిందంటే, పట్టింది, అంతే. మిల్లరు దగ్గర నిలబడి ఉన్నారు. నన్ను చూసి "బాగున్నారా సారూ" అన్నారు. "మేస్త్రీ గారూ, మీతో ఒక మాట చెప్పాలి" అన్నాను. ఆయన్ని గారూ అనడం, మీరు అనడం అదే మొదటిసారి. ఇసుక వేయించిన సంగతి, అంకెలు, నేను రాసిన నివేదిక, సరిదిద్దని నివేదిక, అంతా చెప్పాను. ఆగిపోయిన రెండు వారాల కూలి, దాని మీద ఇంకొంత కలిపి కవరులో పెట్టి ఇచ్చాను. ఆయన అక్కడే లెక్కపెట్టి, కూలి మటుకు ఉంచుకుని మిగతాది నా చేతిలో పెట్టేశారు. ఆ రోజు పిడికిట్లో ఇసుక పట్టి చూపించాను కదండీ అని ఒక్కసారైనా అంటారని ఎదురుచూశాను. అనలేదు.

"డబ్బుదేముందండి. ఆ రోజు పన్లో మా బావమరిదీ ఉన్నాడండి, వాడి ముందే అన్నారు. మీరిప్పుడు చెప్పింది కాగితం మీద రాసివ్వగలరా?" అన్నారు.

సంచీలో నోటుబుక్కు ఉంది. ఒక పేజీ చింపి, సిమెంటు పోలేదని, నీళ్ల లెక్క తప్పింది నావల్లేనని, తడి సంగతి ఆయన ముందే చెప్పినా నేను వినలేదని రాసి, సంతకం పెట్టి, తేదీ వేశాను. ఆయనకు చదవడం రాదు. నన్ను చదివి వినిపించమన్నారు. చదివాను. ఒకచోట ఆపి, "ముందే చెప్పినా అని ఉంది కదండీ, ఆ ముక్క మళ్లీ చదవండి" అన్నారు. మళ్లీ చదివాను. కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. "వస్తానండి, మాలు ఆగదు" అని మిల్లరు వైపు వెళ్లిపోయారు.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. నమస్కారం.